భీమవరం రొయ్య వియత్నాం మీదుగా యూరప్ వెళ్తే సుంకం తగ్గుతుందా?

ఆకివీడు సరుకు:
వియత్నాం ప్లాంటు ఒకటి మన వనామీని తలతోనే ఫ్రీజ్ చేసిన బ్లాకుల్లో కొని, అక్కడ వలిచి యూరప్‌కి పంపుతానంటోంది. ఈయూ–వియత్నాం ఒప్పందం 2020 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉంది కదండీ, ఆ రాయితీ చూపించి రేటు పెంచమనొచ్చా? గుడ్లు పెట్టే తల్లి రొయ్య హవాయి నుంచి తెచ్చింది కదా, అసలు మన సరుకు భారత్‌ది కింద లెక్కేనా?

ఎగుమతి కాగితాలు:
రాయితీ రాదండీ. ఆ ఒప్పందం ప్రకారం రొయ్య పూర్తిగా వియత్నాంలోనో, ఈయూలోనో పెరిగి ఉండాలి. తల తీసినా, వలిచినా, నరం లాగినా పచ్చి రొయ్య 0306 కస్టమ్స్ కోడ్‌లోనే ఉంటుంది. వలిచి ఉడికిస్తే 1605కి మారుతుంది గానీ, అక్కడా లోపలి రొయ్య వాళ్ళదే కావాలి. సముద్ర సరుకుల్లో పొరుగు దేశాలది కలుపుకునే వెసులుబాటు ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) స్క్విడ్, ఆక్టోపస్‌లకే ఇచ్చారు. అంటే మన రొయ్యకి మామూలు సుంకమే: పచ్చిదైతే 12 శాతం, వలిచి ఉడికించిందైతే 20. ఆసియా–పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం ఆర్‌సెప్‌లోనూ అంతే, 2019 నవంబరులో మనం బయటికొచ్చేశాం కాబట్టి అక్కడ మన రొయ్య పరాయి ముడిసరుకే.

హవాయి సంగతి వదిలేయండి. చెన్నై క్వారంటైన్ దాటొచ్చిన తల్లి ఇక్కడి హేచరీలో గుడ్లు పెడితే, నాప్లీ (గుడ్డు నుంచి వచ్చే తొలి దశ పిల్ల) ఇక్కడ పుట్టినట్టే. వియత్నాంలో దిగేటప్పుడు ఆసియాన్–భారత్ రాయితీకి ఫారం ఏఐ (సరుకు ఏ దేశానిదో చెప్పే ధ్రువపత్రం) తీసుకోండి. అందులో గ్లేజుతో (రొయ్య మీది ఐసు పూతతో) బరువు, ఇన్వాయిస్‌లో గ్లేజు తీసిన బరువు రాస్తే అక్కడి కస్టమ్స్ ఆపేయొచ్చు.

కౌంట్ లెక్క:
రేటు అడగాల్సింది సైజు మీద. 50 కౌంట్ అంటే కిలోకి 50 రొయ్యలు, ఒక్కోటి 20 గ్రాములు. తల పోతే సుమారు 65 శాతం, 13 గ్రాములు మిగులుతుంది. పౌనుకి (సుమారు 454 గ్రాములకి) 35 పడతాయి, అంటే పౌనుకి 31 నుంచి 40 తూగే 31/40 ప్యాక్. తలతో పంపితే టన్నుకి 350 కిలోల తలకాయలకి కూడా ఫ్రైట్ కట్టినట్టే.

చెరువుకో లాట్ వేరుగా ఉంచండి. ఈయూలో నిషేధించిన యాంటీబయాటిక్ మందుల అవశేషాలు, నైట్రోఫ్యూరాన్‌ 0.5, క్లోరాంఫెనికాల్‌ 0.15 మైక్రోగ్రాములు కిలోకి దాటితే సరుకు ఆగిపోతుంది. రెండు చెరువులది కలిపి ఫ్రీజ్ చేస్తే ఒకదాని తప్పుకి రెండూ పోతాయి.

ఆకివీడు సరుకు:
అయితే తల తీసే అమ్ముతాం. 45 కౌంట్‌కి పట్టుబడి చేస్తే 26/30లో పడుతుందా?

కౌంట్ లెక్క:
పడదండీ. 22 గ్రాముల రొయ్యకి తల తీస్తే పద్నాలుగున్నర, పౌనుకి 31 దాటుతాయి. 40 కౌంట్ దాకా ఆగితే 28 పడి, మధ్యలో కూర్చుంటుంది.