వరికి తెగులు తెచ్చేది శిలీంధ్రమా, బాక్టీరియానా, వైరసా: చేలో ఎలా గుర్తుపట్టాలి?

ప్రశ్న
నమస్కారమండీ. నేను వ్యవసాయ డిప్లొమా మొదటి సంవత్సరం చదువుతున్నాను. సూక్ష్మజీవులలో బాక్టీరియా, శిలీంధ్రాలు, వైరస్‌లు, శైవలాలు, ప్రోటోజోవాలు ఉంటాయని పాఠంలో ఉంది గాని, వాటి మధ్య అసలు తేడా మనసుకెక్కడం లేదు. మా ఊళ్లో వరికి ఏ తెగులు సోకినా దుకాణంలో ఇచ్చిన ఒకే మందు కొడతారు. అది ఒక ఏడు పనిచేస్తుంది, మరో ఏడు పనిచేయదు. కంటికి కనిపించని ఈ జీవులను చేలో నిలబడి పోల్చుకునే మార్గం ఉందా?

జవాబు 1
మందు పనిచేయడం, పనిచేయకపోవడం ఆ జీవి నిర్మాణాన్ని బట్టి ఉంటుంది. అగ్గి తెగులు శిలీంధ్రం వల్ల వస్తుంది. శిలీంధ్ర కణాలలో మన కణాలలో లాగే కేంద్రకం ఉంటుంది. శిలీంధ్రం సన్నని పోగులుగా పెరిగి, గాలిలో తేలే సిద్ధబీజాల (విత్తనాల వంటి సూక్ష్మ కణాల) ద్వారా వ్యాపిస్తుంది. బీజం తడి ఆకు మీద వాలి, ఆకు పైపొరను చీల్చుకొని లోపలికి దిగుతుంది. అందువల్ల నూలు కండె ఆకారంలో, మధ్యలో బూడిద రంగు, అంచున గోధుమ రంగు ఉన్న విడివిడి మచ్చలు కనిపిస్తాయి.

బాక్టీరియా ఎండాకు తెగులు వేరు. బాక్టీరియా ఏకకణ జీవి, దానికి కేంద్రకం లేదు, పొడవు మిల్లీమీటరులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఇది ఆకు అంచున ఉండే నీటి రంధ్రాల నుంచి, గాయాల నుంచి ప్రవేశించి నాళాల వెంట పాకుతుంది కనుక, ఆకు కొన నుంచి అంచుల వెంట అలలు అలలుగా ఎండుతూ వస్తుంది. అనుమానం ఉన్నప్పుడు తెగులు సోకిన ఆకును కోసి, కోసిన చివరను గాజు గ్లాసులోని తేట నీటిలో ముంచి కాసేపు కదల్చకుండా ఉంచండి. కోత దగ్గర నుంచి తెల్లని పొగ వంటి ధార నీటిలోకి దిగితే అది బాక్టీరియాయే. శిలీంధ్ర కణాలను ఉద్దేశించి తయారుచేసిన మందులలో చాలావాటికి ఈ కణంలో పనిచేసే చోటే ఉండదు.

వైరస్‌కు కణమే లేదు. ప్రోటీను తొడుగులో కొంత జన్యుపదార్థం మాత్రమే ఉంటుంది, బతికిన కణంలోకి చేరితే తప్ప అది పెరగదు. 1892లో రష్యా శాస్త్రవేత్త ఇవనోవ్‌స్కీ తెగులు సోకిన పొగాకు మొక్కల రసాన్ని బాక్టీరియాను ఆపగల వడపోత గుండా పంపినా ఆ రసం తెగులు కలిగించింది, అంటే తెగులు తెచ్చేది బాక్టీరియా కంటే చిన్నదన్నమాట. వరిలో టుంగ్రో ఇటువంటిదే: రెండు వైరస్‌లు కలిసి కలిగించే ఈ తెగులును పచ్చదీపపు పురుగు మోసుకువస్తుంది. ఆకులు నారింజ పసుపు రంగుకు తిరిగి దుబ్బులు గిడసబారతాయి. సోకిన మొక్కను నయం చేసే మందు లేదు. పురుగును అదుపు చేయాలి, తెగులు సోకిన దుబ్బులను పీకివేయాలి.

జవాబు 2
పై వివరణ చదివి సూక్ష్మజీవులన్నీ శత్రువులేనని అనుకోవద్దని మనవి. మడిలో అజొల్లా (నీటిపై తేలే చిన్న ఫెర్న్ మొక్క) వేస్తే, దాని ఆకుల గదులలో ఉండే నీలిఆకుపచ్చ శైవలం గాలిలోని నత్రజనిని స్థిరపరుస్తుంది. పేరుకు శైవలమే గాని, కేంద్రకం లేనందున దానిని బాక్టీరియాలలో చేరుస్తారు. నేలలోని ప్రోటోజోవాలు బాక్టీరియాను తిని, అందులోని నత్రజనిలో కొంత భాగాన్ని వేళ్లకు అందే రూపంలో విడుస్తాయి. మీ జాబితాలో లేని ఆర్కియా కూడా అదే మడిలో ఉన్నాయి. నీరు నిలిచి గాలి ఆడని బురదలో మీథేను వాయువును తయారుచేసేవి అవే. చూపుకు బాక్టీరియా లాగే ఉన్నా, వాటి రైబోసోముల (కణంలో ప్రోటీన్లు తయారయ్యే చోట్ల) ఆర్‌ఎన్‌ఏను పోల్చి చూసి అవి వేరే వంశమని 1977లో శాస్త్రవేత్తలు కార్ల్ ఊస్, జార్జ్ ఫాక్స్ తేల్చారు.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఎండాకు తెగులుకు శిలీంధ్రనాశిని పనిచేయకపోతే రైతు చేయగలిగింది ఏమిటండీ?

జవాబు 3
ముందు యూరియా ఆపాలి. నత్రజని ఎక్కువైన పైరులో ఈ తెగులు విజృంభిస్తుంది. తెగులు ఉన్న మడి నీటిని పక్క మడిలోకి వదలకూడదు. గట్టి రక్షణ మాత్రం విత్తనంలోనే ఉంది. బాపట్లలో రూపొందిన సాంబ మసూరి (బీపీటీ 5204) ఈ తెగులుకు తట్టుకోలేదు కాబట్టి, హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) కలిసి అందులోకి మూడు నిరోధక జన్యువులను సంకరణం ద్వారా చేర్చి మెరుగైన సాంబ మసూరిని రూపొందించాయి. అది 2008లో విడుదలైంది. ఆ జన్యువులు ఎండాకు తెగులు బాక్టీరియాను మాత్రమే అడ్డుకుంటాయి, అగ్గి తెగులు శిలీంధ్రాన్ని ఆపలేవు. అందుచేత ఆ రకం వేసిన చేలో కూడా చలి, మంచు ఉన్న రోజులలో కండె ఆకారపు మచ్చల కోసం ఆకులను చూస్తూనే ఉండాలి.