వేడెక్కాక ఆగిపోయే ఇంజిన్: కాయిల్స్ మార్చాలా?

ప్రశ్న: నా పెట్రోలు కారు చల్లగా ఉన్నప్పుడు వెంటనే స్టార్ట్ అవుతుంది. బాగా వేడెక్కాక నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ తిరుగుతుంది గాని ఇంజిన్ అందుకోదు. చల్లారితే మామూలే. ప్లగ్గులు మార్చినా ఫలితం లేదు. ఇప్పుడు మెకానిక్ నాలుగు కాయిల్స్ (ప్లగ్గులకు స్పార్క్ కరెంటు అందించేవి) మార్చమంటున్నారు. మార్చమంటారా?

సమాధానం: ఇప్పుడే వద్దండి. ప్లగ్గుకొక కాయిల్ ఉన్న బండిలో ఒకటి పాడైతే ఆ సిలిండర్ ఒక్కటే మిస్ అవుతుంది, ఇంజిన్ వణుకుతూనైనా నడుస్తుంది. నాలుగూ ఒకేసారి పోయి, చల్లారగానే ఒకేసారి బాగుపడటం చాలా అరుదు. అన్నిటికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని ముందు చూడాలి. నా అనుమానం క్రాంక్ సెన్సార్ మీద, అంటే పిస్టన్లకు తగిలించి ఉన్న క్రాంక్ షాఫ్ట్ తిరగడాన్ని పసిగట్టే సెన్సార్ మీద.

కాయిల్‌కు కరెంటు ఎప్పుడు ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) నిర్ణయిస్తుంది. ఆపిన క్షణంలోనే ప్లగ్గు దగ్గర వేల వోల్టుల స్పార్క్ పుడుతుంది. ఆ క్షణం తెలియాలంటే పిస్టన్ ఎక్కడుందో తెలియాలి. అందుకే క్రాంక్ షాఫ్ట్‌కు పళ్ల చక్రం ఉంటుంది. చాలా ఇంజిన్లలో 60 పళ్ల చోట 58 మాత్రమే ఉంటాయి. పళ్లు లేని ఆ ఖాళీ సెన్సార్ ముందు నుంచి పోయినప్పుడల్లా ఈసీయూ లెక్క సరిచూసుకుంటుంది. 3000 ఆర్‌పీఎం దగ్గర ఒక చుట్టుకు 20 మిల్లీసెకన్లే పడుతుంది. సంకేతం ఆగితే ఈసీయూ స్పార్క్‌నూ ఇవ్వదు, ఇంధనాన్నీ ఇవ్వదు. సెన్సార్ లోపలి సన్నని తీగచుట్ట వేడికి తెగి, చల్లారాక మళ్లీ అతుక్కోవడం కద్దు.

ప్రశ్న: స్కానర్‌లో (ఈసీయూ సమాచారం చదివే పరికరం) లోపాన్ని సూచించే ఏ కోడూ రాలేదు. అయినా సెన్సారేనంటారా?

సమాధానం: కోడ్ రాకపోయినంత మాత్రాన సెన్సార్ బాగున్నట్టు కాదు. ఈసారి ఆగినప్పుడు, చల్లారకముందే, స్కానర్‌లో లైవ్ డేటా (అప్పటికప్పుడు మారే రీడింగులు) తెరిచి సెల్ఫ్ కొట్టండి. ఆర్‌పీఎం సున్నా దగ్గరే ఉంటే సెన్సార్, దాని వైరింగ్ చూడాలి. 200 దరిదాపుల్లో నిలకడగా చూపిస్తే సంకేతం అందుతున్నట్టే. అప్పుడు మెయిన్ రిలే (ఈసీయూకు కరెంటు అందించే స్విచ్), పెట్రోలు పంపు వైపు వెళ్లండి.

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను: స్పార్క్ చూద్దామని ప్లగ్గు వైరు ఊడదీసి గాలిలో వదిలి సెల్ఫ్ కొట్టవద్దు. కాయిల్‌కో ఈసీయూకో దెబ్బ తగలవచ్చు, మనిషికీ ప్రమాదమే. స్పార్క్ టెస్టర్ వాడండి.

ప్రశ్న: చూశాను, సున్నాయే. కనెక్టర్ లోపల ఆయిల్ కూడా కనిపించింది.

సమాధానం: అయితే కాయిల్స్ జోలికి పోకండి. కనెక్టర్ శుభ్రం చేసి, వైరు సైలెన్సర్ గొట్టానికి తగిలి కాలిందేమో చివరిదాకా చూడండి. వైరు బాగుంటే సెన్సార్ మార్చండి. దానికి మూడు పిన్నులుంటే హాల్ రకం (తీగచుట్ట బదులు ఎలక్ట్రానిక్ చిప్ ఉన్నది) కావచ్చు, మల్టీమీటర్‌తో ఓమ్స్ (నిరోధం) కొలవకండి. ఆయిల్ ఎక్కడ నుంచి కారుతోందో కూడా పట్టుకోండి, లేకపోతే కొత్త సెన్సార్‌కూ అదే గతి.