ఇంట్లో చనిపోయినవారి మరణ కారణం ఎవరు రాయాలి?

పత్తికొండ రైతుబిడ్డ:
మా పెద్దనాన్న ఇంట్లోనే కన్నుమూశారు. పంచాయతీ కార్యదర్శి మరణ ధ్రువపత్రం ఇచ్చారు, కానీ అందులో కారణం ఉండదు. పాలసీ తీసుకుని మూడేళ్ళు నిండలేదు కాబట్టి చివరి జబ్బుకు చికిత్స చేసిన వైద్యుడి ధ్రువీకరణ తెమ్మని బీమావాళ్ళు అడుగుతున్నారు. ఆయనకు నెలనెలా బీపీ, షుగరు చూసి మందులిచ్చింది విలేజ్ క్లినిక్‌లోని ఎంఎల్‌హెచ్‌పీ (మధ్యస్థాయి ఆరోగ్య సేవకురాలు). ఆమె రాస్తే చెల్లదట. పీహెచ్‌సీ డాక్టరేమో తాను చూడని మనిషికి రాయనంటున్నారు. బీఎస్సీ నర్సింగ్ చదివి, పైన ప్రత్యేక శిక్షణ కూడా పొందిన ఆమెకు ఈ అధికారం ఎందుకు ఉండకూడదు?

హంద్రీ ఒడ్డు:
కర్నూలులో ప్రాక్టీసు చేస్తున్న డాక్టరుగా చెబుతున్నాను, ఉండకూడదు. జనన మరణాల నమోదు చట్టం, 1969లోని 10వ సెక్షన్ ఈ బాధ్యతను చివరి జబ్బులో చికిత్స చేసిన వైద్యుడి మీదే పెట్టింది. రుసుము తీసుకోకుండా ఇవ్వాలని కూడా చెప్పింది. ఇంట్లో జరిగిన మరణానికి వాడేది ఫారం 4ఎ. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఈ మనిషి నా చికిత్సలో ఉన్నారని అందులో సంతకం చేయాలి. చూడని మనిషికి ఆ మాట రాస్తే అది అబద్ధపు ధ్రువీకరణే.

ఇంకో భయం కూడా ఉంది. మనవి పత్తి, వేరుశనగ పండే ఊళ్ళు, పురుగుమందు డబ్బా ఇంట్లోనే ఉంటుంది. తెల్లవారేసరికి మంచంలో చనిపోయి ఉన్న మనిషిని పైపైన చూసి గుండెపోటో, విషమో చెప్పడం నాకే సాధ్యం కాదు. అనుమానం ఉంటే అది పోలీసు విచారణకు, పోస్టుమార్టానికి వెళ్ళాల్సిందే. పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ చనిపోతే మరీ జాగ్రత్త పడాలి. ఊళ్ళోనే ఉండే నర్సు మీద బంధువులు, పెద్దమనుషులు తెచ్చే ఒత్తిడి ఎలా ఉంటుందో ఆలోచించండి.

రాయదుర్గం సిస్టర్:
ఒత్తిడి డాక్టరు మీద రాదా? నేను ఎంఎల్‌హెచ్‌పీనే. అనుమానాస్పద మరణాలు మాకు వదిలేయమని ఎవరూ అడగడం లేదు. ఏళ్ళ తరబడి షుగరుతో కిడ్నీలు పాడై, డయాలసిస్ చాలించుకుని ఇంటికి వచ్చి, మా కళ్ళముందే చనిపోయినవారి సంగతి అడుగుతున్నాను. ఆ కేసులో మాకు తెలియనిదేమిటి? 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యులు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతావారు దేనితో పోయారో ప్రభుత్వానికి తెలియాలా, వద్దా?

తాడిపత్రి పాఠకుడు:
తెలియాలి, కానీ సరిగ్గా తెలియాలి. డాక్టర్లు రాసేవాటిలోనే ఎన్నో "గుండె ఆగిపోవడం" దగ్గర ఆగిపోతాయి. ఎవరు చనిపోయినా గుండె ఆగుతుంది. మరణం జరిగిన తీరును కాక, దానికి దారితీసిన జబ్బును రాయమని ఫారంలోనే ఉంది. తక్షణ కారణం, దాని వెనుకది, అన్నిటికీ మూలమైనది అన్న వరుసలో రాయాలి. మా ఊరి గ్రానైట్ యూనిట్లలో ఇరవై ఏళ్ళు రాతి దుమ్ము పీల్చిన కార్మికుడికి "ఊపిరి అందక" అనో, "టీబీ" అనో రాసి వదిలేస్తే, మూలంలో ఉన్న సిలికోసిస్ (ఆ దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు) ఏ లెక్కలోకీ రాదు. ఆ కుటుంబానికి పరిహారం అడిగే ఆధారమే పోతుంది. ఎవరు రాయాలన్నదానికంటే రాయడం నేర్పడం నాకు ముఖ్యంగా కనిపిస్తోంది.

గణాంకాల కోసమైతే మరో దారి ఎప్పటినుంచో ఉంది. ఎంపిక చేసిన ప్రాంతాల్లో జనన మరణాల లెక్క తీసే శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్‌లో సిబ్బంది ఇంటికి వెళ్ళి లక్షణాలన్నీ అడిగి రాసుకుంటారు, వాటిని చదివి డాక్టర్లు కారణం నిర్ణయిస్తారు. వివరం సేకరించేది ఒకరు, నిర్ణయించేది మరొకరు. సిస్టర్ గారూ, మీ ఊళ్ళో ఆ మొదటి పని మీకంటే బాగా చేసేవారు ఉండరు.

రాయదుర్గం సిస్టర్:
ఆ వివరాల మీద బీమా డబ్బు రాదు కదా సార్. పత్తికొండ వారి కష్టం అదే.

హంద్రీ ఒడ్డు:
ఆ కష్టం నాకూ అర్థమవుతోంది. 2023 అక్టోబరు 1న అమల్లోకి వచ్చిన సవరణతో ఆసుపత్రులన్నీ కారణ పత్రం రిజిస్ట్రారుకు పంపి, దాని నకలు దగ్గరి బంధువుకు ఇవ్వాలి. ఇంట్లో పోయినవారికి మాత్రం చికిత్స చేసిన వైద్యుడు దొరకాలి. అందుకే పత్తికొండ వారిని ఒకటి అడుగుతాను. మీ పెద్దనాన్నకు ఎంఎల్‌హెచ్‌పీ మందులు తనంత తానే ఇచ్చారా, ఈ-సంజీవనిలో (ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ) పీహెచ్‌సీ డాక్టరుకు చూపించి ఇచ్చారా?

పత్తికొండ రైతుబిడ్డ:
ఫోనులో డాక్టరుతో మాట్లాడించే ఇచ్చేవారు. చీటీల మీద ఆయన పేరుంది.

హంద్రీ ఒడ్డు:
అయితే ఆయన చూడలేదనడం నేను ఒప్పుకోను. మందు రాసి, మోతాదు మార్చిన వైద్యుడు చికిత్స చేసినట్టే లెక్క అని నా అభిప్రాయం. ఆ చీటీలన్నీ, చివరి నెల బీపీ, షుగరు రీడింగులతో సహా తీసుకెళ్ళి రాతపూర్వకంగా అడగండి. కాదంటే ఎందుకు కాదో కాగితం మీద రాసిమ్మనండి, దాని నకలు డీఎంహెచ్‌వో (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) కార్యాలయంలో ఇవ్వండి.

రాయదుర్గం సిస్టర్:
చివరి రెండు వారాల రీడింగులు క్లినిక్ రిజిస్టరులో కూడా ఉంటాయి. మీ సిస్టర్‌ను అడిగి వాటి నకలు కూడా తీసుకోండి. అధికారం మాత్రం మాకు రావాలనే నా మాట.