చెన్నై పురసవాక్కంలో చీరల కొట్టు, పైన క్లినిక్, ఆపైన ట్యూషన్ సెంటర్: ఏ ఏసీ పెట్టించాలి?

చీరల కొట్టు, పురసవాక్కం

అందరికీ నమస్కారం. పెద్ద ఖర్చు నెత్తిమీదుంది, తెలిసినవాళ్లు కాస్త దారి చూపించండి.

మాది చీరల వ్యాపారం. నాన్నగారు వెంకటగిరి నుంచి వచ్చి చిన్న అద్దె గదిలో మొదలుపెట్టారు, ఇప్పుడు నేనూ తమ్ముడూ చూసుకుంటున్నాం. ఇన్నేళ్లకి ఒక గ్రౌండు (2,400 చదరపు అడుగుల) స్థలంలో సొంత బిల్డింగ్ లేస్తోంది. స్లాబులు అయిపోయాయి, గోడల పని నడుస్తోంది. కింది రెండంతస్తులూ మా కొట్టుకే. ఆపైన పళ్ల డాక్టరుగారికి అద్దెకు మాట అయిపోయింది. అన్నిటికంటే పైది ట్యూషన్ సెంటర్ వాళ్లు అడుగుతున్నారు, సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా అరవై మంది పిల్లలు ఉంటారట. ఒక్కో అంతస్తు 1,600 చదరపు అడుగులు. ముఖం పడమరకి, రోడ్డు వైపంతా అద్దాలే.

కొటేషన్లు మూడు వచ్చాయి. ఒకాయన స్ప్లిట్లూ, సీలింగ్‌లో అమర్చే క్యాసెట్లూ కలిపి 22 పెట్టేద్దాం అంటాడు. రెండో ఆయన డక్టబుల్, అంటే సీలింగ్‌లో రేకు గొట్టాల (డక్టుల) గుండా చల్లగాలి పంపేది: కొట్టుకి అంతస్తుకి 16.5 టన్నులు, పై రెండింటికీ 11 చొప్పున, మొత్తం 55 టన్నులు. మూడో ఆయన టెర్రస్ మీద 48 హెచ్‌పీ వీఆర్‌ఎఫ్ (ఒకే అవుట్‌డోర్ సిస్టమ్ నుంచి రాగి పైపులతో అన్ని గదుల ఏసీలకీ గ్యాస్ పంపేది) ఒక్కటి పెడితే బిల్డింగ్ మొత్తం దానిమీదే నడుస్తుంది అంటాడు. 55 ఎక్కడ, 48 ఎక్కడ? పైగా రేటు చూస్తే ఆ 48దే అన్నిటికంటే ఎక్కువ.

అసలు నా భయం వేరు. ఇప్పుడున్న అద్దె కొట్టులో నాలుగేళ్ల కిందట డక్టబుల్ పెట్టించాం. చల్లదనానికి లోటు లేదు. కానీ సాయంత్రం జనం నిండేసరికి లోపల జిగటగా అయిపోతుంది, బిల్లింగ్ కౌంటర్ మీద రెక్సిన్ చేతికి అంటుకుంటుంది. పోయిన కార్తీకంలో ఒక పెళ్లివాళ్లు వచ్చారు. పెళ్లికూతురు తల్లి అరగంట చూసి చూసి ఒక అరిటాకు పచ్చ పట్టుచీర ఎంచుకుంది. పరుపు మీద పమిట పరిచి జరీ చూపిస్తున్నాను, పైనుంచి టప్పున ఒక నీటిచుక్క పడింది. రూపాయి బిళ్లంత మరక. పైకి చూస్తే చల్లగాలి వచ్చే గ్రిల్ అంచు పొడుగునా నీటిబొట్లు వరసగా వేలాడుతున్నాయి, చుట్టూ నల్లగా బూజు. ఆవిడ ఒక్క మాట అనలేదు, ఇంకో చీర చూడనూ లేదు, లేచి వెళ్లిపోయారు. ఏసీ పెట్టినతన్ని పిలిస్తే "చెన్నైలో అంతేనమ్మా" అని తుడిచి పోయాడు.

కొత్త బిల్డింగ్‌లో ఆ చుక్క మళ్లీ పడకూడదు. దానికోసం ఏది కొనమంటారు?

మాధవరం నుంచి

నాలుగంతస్తులంటే, నీళ్లని చల్లబరిచి బిల్డింగ్ అంతా తిప్పే చిల్లర్ ప్లాంట్ అడిగి చూడండి మేడమ్. మా బంధువుల కల్యాణ మండపంలో కూలింగ్ టవర్‌తో పెట్టారు, వెయ్యి మంది ఉన్నా చల్లగా ఉంటుంది. కరెంటు కూడా తక్కువే అంటారు.

అంబత్తూరు ఏసీ ఇంజనీరు

అమ్మా, ముప్పై ఏళ్లు ఏసీ సైట్లు చేయించి ఈమధ్యే మానుకున్నాను. మీకు అమ్మాల్సింది నా దగ్గర ఏమీ లేదు కాబట్టి నిదానంగా చెప్తాను.

ముందు ఆ 55, 48 సంగతి. అవి ఒకే కొలత కాదు. వీఆర్‌ఎఫ్‌లో ఒక హెచ్‌పీ అంటే సుమారు 2.8 కిలోవాట్ల చల్లదనం, ఒక టన్ను అంటే 3.5 కిలోవాట్లు. అంటే ఆ 48 హెచ్‌పీ దాదాపు 38 టన్నులే. ఒకరు 55 అన్నారు, ఇంకొకరు 38 అన్నారు. ఇద్దరిలో ఒక్కరూ మీ బిల్డింగ్‌కి లెక్క వేయలేదని దీన్నిబట్టే తెలుస్తోంది. వంద చదరపు అడుగులకి ఒక టన్ను అని గుణించేశారు, 1,600కి 16 వచ్చింది, 16.5 రాసేశారు. మీ పాత కొట్టుకీ అలాగే పెట్టి ఉంటారు. మీ చుక్క మొదలైంది అక్కడే.

ఎలాగంటే, ఏసీ రెండు పనులు చేస్తుంది. గాలిని చల్లబరుస్తుంది, గాలిలో తేమని కాయిల్ మీద నీళ్లు చేసి డ్రెయిన్ పైపులోకి పంపిస్తుంది. రెండో పనికి టైము కావాలి. అవసరానికి మించిన మెషిన్ పది నిమిషాల్లో గదిని 24కి తెచ్చి కంప్రెసర్ ఆపేస్తుంది. బ్లోయర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది, కాయిల్ మీదున్న నీళ్లు ఆరి మళ్లీ గదిలోకే వస్తాయి. గది చల్లగానే ఉంటుంది, పొడిగా మాత్రం ఉండదు. ఇంకోపక్క మీ తలుపు నిమిషానికోసారి తెరుచుకుంటుంది. మన ఊళ్లో వానాకాలం సాయంత్రం 28 డిగ్రీలు, 80 శాతం తేమ మామూలే. ఆ గాలికి 24 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు తగిలినా నీళ్లు వదిలేస్తుంది, మజ్జిగ గ్లాసు బయట చెమర్చినట్టు. మీ గ్రిల్ 14, 15 డిగ్రీల్లో ఉంటుంది. చెమర్చకేం చేస్తుంది?

ఇప్పుడు మీ కొత్త గ్రౌండ్ ఫ్లోర్ లెక్క వేద్దాం. యాభై మంది మనుషులు, ఒక్కొక్కరి ఒంటి నుంచి 130 వాట్ల దాకా వేడి, తేమ కలిపి: దగ్గరదగ్గర రెండు టన్నులు. లైట్లకి ఒక టన్ను. పడమటి అద్దం 250 చదరపు అడుగులు అనుకుంటే, మామూలు అద్దమైతే సాయంత్రం నాలుగు గంటల ఎండకి అదొక్కటే మూడు టన్నులకి పైన. గోడలవీ ఇతరత్రావీ ఒక టన్ను. ఇక యాభై మంది పీల్చడానికి బయటి గాలి నిమిషానికి 600 ఘనపుటడుగులైనా రావాలి. ఆ వేడిగాలినీ అందులోని తేమనీ లాగడానికి మూడున్నర టన్నులు. మొత్తం పది, పదకొండు అయింది, పదహారు కాలేదు.

అందులో తగ్గించదగ్గది అద్దం. ఎండ వేడిని ఆపే గాజు వేయించి బయట ఎండకి అడ్డంగా నిలువు ఫిన్లు (పలకలు) కట్టిస్తే ఆ మూడు టన్నులు ఒకటికి దిగుతాయి. ఈ డబ్బు ఒకసారే ఖర్చు. మెషిన్‌కైతే నెలనెలా కరెంటు, ఏటేటా సర్వీసు. అద్దం ఆర్డరు ఇచ్చేశారా? ఇవ్వకపోతే ఆపండి.

చిల్లర్ గురించి మాధవరం వారు చెప్పింది పెద్ద ప్లాంట్లకి నిజమే. కానీ కూలింగ్ టవర్ టన్నుకి గంటకి ఆరేడు లీటర్ల నీళ్లు ఆవిరి చేస్తుంది. 40 టన్నులు పది గంటలు నడిస్తే 2,500 లీటర్లు దాటుతాయి. 2019 ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎలా ఎదురుచూశామో మనందరికీ తెలుసు. ఈ సైజుకి అది వద్దు.

ఒక పని చేయండి. తేమ చూపించే డిజిటల్ మీటరు చిన్నది, కొన్ని వందల్లో వస్తుంది. పాత కొట్టులో బిల్లింగ్ కౌంటర్ దగ్గర పెట్టి పొద్దున, సాయంత్రం అంకెలు రాసి పెట్టండి. వారం తర్వాత మాట్లాడుకుందాం.

ఓఎంఆర్ ఆఫీసు అడ్మిన్

అక్కా, పెరుంగుడిలో మా ఆఫీసులో ఆరేళ్లుగా వీఆర్‌ఎఫ్ ఉంది. శనివారం పది మందే వస్తే ఆ ఒక్క మూలే వేసుకుంటాం, ఆ రోజుల్లో కరెంటు బాగా కలిసొస్తుంది. చప్పుడు లేదు. సన్నటి రాగి పైపులే కాబట్టి సీలింగ్ ఎత్తు తగ్గించాల్సిన పని లేదు. ఇవన్నీ నిజం.

కానీ రెండేళ్ల కిందట మే నెలలో మా మూడో అంతస్తు సీలింగ్‌లో ఒక జాయింటు దగ్గర గ్యాస్ లీకయింది. రెండంతస్తులకీ అదే సిస్టమ్. గ్యాస్ మొత్తం పోయింది. లీకు ఎక్కడో దొరకడానికే రెండు రోజులు, సరిచేసి నింపడానికి ఇంకో రెండు. నాలుగు రోజులు టేబుల్ ఫ్యాన్లు తెప్పించి కూర్చున్నాం. మాది ఆఫీసు కాబట్టి ఇంటి నుంచి పని చేయమన్నాం. మీకు ముహూర్తాల రోజుల్లో అలా అయితే?

చీరల కొట్టు, పురసవాక్కం

అన్నయ్యగారూ, మీటరు పెట్టాను. పొద్దున పదిన్నరకి, జనం లేనప్పుడు, 24 డిగ్రీలు, తేమ 56. సాయంత్రం ఏడు గంటలకి అదే 24, తేమ 71. ఐదు రోజులూ ఒకటో రెండో అటూ ఇటూ అంతే. శనివారం 74 దాకా పోయింది, ఆ రోజు గ్రిల్ చెమర్చడం నా కళ్లతో చూశాను. ఇన్నాళ్లూ రిమోట్‌లో 24 చూసి అంతా బాగుందనుకున్నాం.

అద్దం ఆర్డరు ఇంకా ఇవ్వలేదు. మీ మాట చదివిన రాత్రే తమ్ముడు ఆపించాడు. మీ మేలు మర్చిపోలేను.

ఇప్పుడు చెప్పండి, ఏది?

అంబత్తూరు ఏసీ ఇంజనీరు

71 అంటే మెషిన్ చల్లబరుస్తోంది గానీ ఆరబెట్టడం లేదు. 55 దగ్గర ఉంటే మీ పట్టుకీ మంచిది, మనుషులకీ హాయి.

నా సలహా ఇది. బిల్డింగ్ అంతటికీ ఒకే సిస్టమ్ వద్దు. వీఆర్‌ఎఫ్ లాభం ఎక్కడంటే, ఒకచోట వాడేటప్పుడు ఇంకోచోట ఖాళీగా ఉన్నప్పుడు. మీ కొట్టుకి గిరాకీ సాయంత్రం, డాక్టరుగారికి రోగులు సాయంత్రం, పిల్లలు సాయంత్రం. ఐదు నుంచి తొమ్మిది దాకా నాలుగంతస్తులూ ఒకేసారి నిండుతాయి. అప్పుడు ఆ 38 టన్నులు చాలవు, మిగతా పగలు సగం ఖాళీ. పైగా అద్దెకున్నవాళ్ల కరెంటు వాళ్ల ఈబీ మీటరు మీదే పడాలి. లేకపోతే నెలనెలా ఆ లెక్కల టెన్షన్ మీకే.

డాక్టరుగారి అంతస్తుకి ఇన్వర్టర్ స్ప్లిట్లు, ఆయన గదుల ప్రకారం. ట్యూషన్‌కి క్యాసెట్లు, కానీ బయటి గాలి తెచ్చే ఏర్పాటు తప్పనిసరి. మూసిన గదిలో అరవై మంది పిల్లలు గంటసేపు కూర్చుంటే ఏసీ ఎంత చల్లగా ఉన్నా కునుకుతారు, తప్పు పాఠానిది కాదు. బయటికి పోయే చల్లగాలితో లోపలికొచ్చే గాలిని చల్లబరిచే యూనిట్లు ఉన్నాయి, తాజా గాలి భారం సగానికి తగ్గుతుంది. ఆ అంతస్తు మీద ఎండంతా స్లాబుకే. పెంకులు వేసి పైన తెల్లటి కూల్ పెయింట్ కొట్టించండి.

మీ కొట్టు రెండంతస్తులకీ వేరువేరుగా ఇన్వర్టర్ డక్టబుల్, 11 టన్నులది. లోడు తగ్గినప్పుడు ఆగిపోకుండా నెమ్మదిగా నడుస్తూ తేమ లాగుతూ ఉంటుంది. ఒకటి పాడైనా రెండో అంతస్తులో వ్యాపారం సాగుతుంది. వీటికి కూడా తాజా గాలిని ముందే ఆరబెట్టి లోపలికి వదలాలి, బయటికి పోయే దానికంటే కొంచెం ఎక్కువగా. అప్పుడు తలుపు తీసినప్పుడు లోపలి గాలి బయటికి తోస్తుంది, వీధి గాలి లోపలికి రాదు. చుక్కకి అసలు మందు ఇది. తలుపు మీద ఎయిర్ కర్టెన్ (పైనుంచి తెరలా గాలి కొట్టేది) దానికి తోడు.

డక్టు బయట చెమర్చకుండా 19 మిల్లీమీటర్ల నైట్రైల్ రబ్బర్ చుట్టమనండి. గ్రిల్ మెడ దగ్గర, అంటే డక్టు గ్రిల్‌ని కలిసే చోట కూడా చుట్టాలి, అక్కడే అందరూ వదిలేస్తారు. మీ పాత కొట్టులో నిచ్చెన వేసి ఒక గ్రిల్ విప్పి చూడండి, ఆ మెడ దగ్గర రేకు కనిపిస్తుందని నా నమ్మకం.

కేటలాగ్‌లో 11 టన్నులు అని రాసేది బయట 35 డిగ్రీలున్నప్పటి మాట. మే నెల కత్తిరి ఎండల్లో మీ టెర్రస్ మీద అవుట్‌డోర్ చుట్టూ 45 ఉంటుంది. ఆ వేడిలో ఎంత ఇస్తుందో, అన్ని అంతస్తుల పైపు పొడవుకి ఎంత తగ్గుతుందో కాగితం మీద రాసిమ్మనండి. అవుట్‌డోర్లు టెర్రస్ మీదే పెట్టండి, కింద వద్దు. డిసెంబరు 2015 వరదలో నీళ్లలో మునిగిన మెషిన్లు నా చేత్తోనే విప్పాను. నీడ కోసమని వాటి నెత్తిన రేకుల షెడ్డు మాత్రం వేయకండి, వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటాయి.

పైపుల పని రోజు మీరో తమ్ముడో అక్కడ ఉండండి. అతుకు వేసేటప్పుడు పైపులో నైట్రోజన్ పోతూ ఉండాలి, లేకపోతే లోపల నల్లటి పొర కట్టి కంప్రెసర్‌కి చేరుతుంది. తర్వాత నైట్రోజన్‌తోనే ప్రెజర్ టెస్టు, 40 బార్ దగ్గర, ఒక రోజంతా. సాయంత్రం ఆరుకి గేజ్ ఫోటో, మర్నాడు ఆరుకి ఇంకో ఫోటో. ఎండ తేడాకి అర బార్ అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. అంతకంటే దిగితే సీలింగ్ మూయనివ్వకండి.

చీరల కొట్టు, పురసవాక్కం

గ్రిల్ విప్పించాను. మీరన్నట్టే మెడ దగ్గర ఉత్త రేకు, దానిమీద తుప్పు గీతలు. ఆ చీర ఇంకా బీరువాలోనే ఉంది, దానివైపు చూడలేకపోయాను.

ఒక్క అడ్డంకి. మాకు ఫ్లోర్ నుంచి ఫ్లోర్‌కి 11 అడుగులు. మధ్యలో అడ్డంగా ఒక బీమ్, అడుగున్నర దిగింది. దాని కింద నుంచి డక్టు పోతే సీలింగ్ ఎనిమిది అడుగులకి వచ్చేస్తుంది, నిలువు షోకేసులు పట్టవు.

అంబత్తూరు ఏసీ ఇంజనీరు

మెయిన్ డక్టు మధ్య నుంచి వద్దమ్మా. ఉత్తరపు గోడ వెంబడి తీసుకెళ్లి పక్క నుంచి గాలి విసిరే గ్రిల్స్ పెట్టిద్దాం. ఆ గోడ పొడుగునా మాత్రమే సీలింగ్ దిగుతుంది, మధ్యలో ఎత్తు అలాగే ఉంటుంది. ఒక్క గ్రిల్ కూడా చీరలు పరిచే పరుపు మీదకి రాకుండా ముందు పరుపులు ఎక్కడో గీసుకోండి. రేపు పొద్దున ఆ గోడ కొలత, బీమ్ ఫోటో పెట్టండి, డక్టు సైజు నేను వేసిస్తాను.