పాలమూరు పట్నం తనంతట తాను పెరుగుతుందా, ఎవరైనా పెంచుతున్నారా?

క్లాక్‌టవర్ వాసి:
ఎంఏ సోషియాలజీ చదువుతున్నాను. 1925లో బర్జెస్ అనే సోషియాలజిస్టు అమెరికాలోని చికాగోను చూసి పట్నాన్ని అయిదు వలయాలుగా గీశాడు. నడుమ వ్యాపారం, చుట్టూ మారిపోతున్న పాత ఇళ్లు, తర్వాత కూలీల ఇళ్లు, మధ్యతరగతి ఇళ్లు, చివర రోజూ వచ్చిపోయేవాళ్ల ఊళ్లు. అడవిలో కొత్త మొక్కలు చొరబడి పాతవాటిని తోసేసినట్టు పట్నంలోనూ జరుగుతుందంటాడు. మా గల్లీలో అదే చూస్తున్నా. కింద ఇళ్లు పోయి షట్టర్లు వచ్చాయి, ఇంటివాళ్లు బైపాస్ దిక్కు పోయారు. సిద్ధాంతం మనకు సరిపోయినట్టే కదా?

పాలకొండ రోడ్:
సరిపోలేదు తమ్మీ. 2022లో కలెక్టరేట్ పట్నం అంచున ఉన్న పాలకొండకు పోయింది భూమి కోసం పోటీలో ఓడి కాదు, సర్కారు నిర్ణయంతో. జిరాక్స్ షాపు, హోటల్, ఆటో అడ్డా దాని వెనకే పోక తప్పదు. అంతకుముందు 2016లో జిల్లాను విడదీస్తే వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వాళ్లకు ఇక్కడ ఆఫీసు పనే లేకుండా పోయింది. చెట్టుకు జీవో ఇచ్చి ఇంకోచోట నాటేవాడు అడవిలో ఉండడు.

క్లాక్‌టవర్ వాసి:
అన్నా, 1945లో హారిస్, ఉల్‌మన్ అనే భూగోళ శాస్త్రవేత్తలు పట్నానికి ఒకటికి మించి కేంద్రాలుంటాయన్నారు. పాలకొండ, ఎదిర మెడికల్ కాలేజీ, దివిటిపల్లి ఐటీ టవర్ అలాంటివే కదా?

పాలకొండ రోడ్:
బొమ్మకు సరిపోతాయి. కానీ ఆ మూడు చోట్లను ఎంచింది ఎవరు?

వలస ఇంటి బిడ్డ:
అసలు సంగతి ఇద్దరూ వదిలేశారు. చికాగో జనాభా 1890లో దాదాపు 11 లక్షలు, 1920కి 27 లక్షలు. బతకడానికి వచ్చినవాళ్లు నడిబొడ్డున చౌక గదుల్లో దిగారు, కాస్త కుదురుకున్నాక బయటి వలయాలకు జరిగారు. మనది జనం పోయే జిల్లా. మా నాయన ఇరవై ఏళ్లు ముంబైలో, హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేశాడు. ఆయన దిగిన గుడిసె ఆ పట్నాల వలయంలో ఉంది, ఆయన పైసలు ఇక్కడ ప్లాటయ్యాయి. పాలమూరు మ్యాపు ఒక్కటే ముందు పెట్టుకుంటే మా నాయన అందులో ఎక్కడా కనబడడు. క్లాసులో ఆ వలయాలు బట్టీ పట్టిస్తుంటే నాకు కోపం వచ్చేది అందుకే.

క్లాక్‌టవర్ వాసి:
ఈ మాట నాకు తట్టలేదు అక్కా, ఒప్పుకుంటున్నా. ఇంకోటి కూడా ఉంది. 1945లోనే వాల్టర్ ఫైరీ అనే సోషియాలజిస్టు బోస్టన్‌లోని బీకన్ హిల్ అనే పాత పేటను చూపించి, మనుషుల మమకారం ముందు భూమి ధర ఒక్కోసారి ఓడిపోతుందన్నాడు. మా వరుసలో షట్టరు కాని ఇల్లు ఒక్కటే మిగిలింది, మాదే. మా నాయనమ్మ అమ్మనివ్వదు.