వేప చెక్కలో 300 మి.మీ. లోతు రంధ్రం: బిట్ గాడిలో పొట్టు ఇరుక్కుపోతా ఉంది, సొంతంగా బిట్ చేయించుకోవచ్చా?

లైటుస్టాండ్_తిరుపతి:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి, చిన్న చెక్కపని షెడ్డు, లేతు ఒకటుంది. వేప చెక్కతో లైటు స్టాండ్లు చేస్తా ఉండా. లోపల వైరు పోవాల కాబట్టి ప్రతి ముక్కకీ నిలువునా 10 మి.మీ. రంధ్రం, 300 మి.మీ. లోతు తొలచాల. పొడుగు ట్విస్ట్ బిట్ కొన్నా, ఇనుముకి వాడే రకమే. నాలుగు వేళ్ళ లోతు పోతానే మిషన్ గొంతు మారిపోతుంది, పొగ, షెడ్డంతా వేప కాలిన చేదు వాసన. నిన్న బిట్ బయటికి లాగి చూస్తే గాడిలో పొట్టు గట్టి కడ్డీ మాదిరి కుదించుకుపోయింది, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే మెలిక అచ్చుతో సహా ముక్కలు ముక్కలుగా ఊడొచ్చింది. బిట్ కొస నీలం తిరిగింది.

మిషన్ మీద 2800 ఆర్‌పీఎం అని ఉంది. రెండు వైపుల నుంచీ తొలిచి చూశా, మధ్యలో 2, 3 మి.మీ. తేడా వస్తుంది, వైరు పట్టుకుంటుంది. ఆటోనగర్‌లో టూల్స్ సాన పట్టే అన్న ఒకాయన డ్రాయింగ్ ఇస్తే బిట్ చేసిస్తానన్నాడు. నా ఆలోచన ఏందంటే గాడులు రెండు కాకుండా నాలుగు పెట్టి మెలికలు దగ్గర దగ్గరగా పెడితే పొట్టు తొందరగా పైకి రాదా? తెలిసినవాళ్ళు చెప్పండి, ఇరవై స్టాండ్లు ఆర్డర్ ఉంది.

చిత్తూరు_వడ్రంగి:
ముందు చెక్క ఆరిందా లేదా చూడు తమ్ముడూ. పచ్చి వేపైతే ఏ బిట్ పెట్టినా పొట్టు తడిసిన పిండి మాదిరి అతుక్కుంటుంది. రెండోది, ప్రతి రెండు వేళ్ళకీ బిట్ పూర్తిగా బయటికి లాగి దులిపి మళ్ళీ పెట్టాల, మిషన్ తిరగతానే ఉండాల, ఆపి లాగితే లోపలే ఇరుక్కుంటుంది. గాడికి కొవ్వొత్తి రుద్దు, జారతుంది. మా నాయన చేతి బర్మాతో మంచం కోళ్ళకి తొలిచేటప్పుడు ఇదే చేసేవాడు, పక్కన కొవ్వొత్తి ముక్క లేకుండా కూర్చునేవాడు కాదు. నాలుగు గాడులు మాత్రం వద్దు.

గాడి_మెలిక:
అన్నా, నాలుగు గాడులు పెడితే ఇంకా ఎక్కువ ఇరుక్కుంటుంది, లెక్క చూడండి. 10 మి.మీ. రంధ్రం 300 లోతంటే తీసేసే చెక్క దాదాపు 23.5 సీసీ. పొట్టయినాక అది వదులుగా మూడింతలైనా అవుతుంది, అంటే 70 సీసీ. బిట్‌లో సగం ఉక్కు సగం గాడి అనుకుంటే పొడవంతా కలిపినా గాడుల్లో పట్టేది 12 సీసీ లోపే. 50 మి.మీ. తొలిచేసరికే అంత పొట్టు వచ్చేస్తుంది, కాబట్టి అది ఎప్పటికప్పుడు బయటికి పోతానే ఉండాల. గాడులు పెరిగే కొద్దీ మధ్యలో ఉక్కు గోడలు పెరిగి ఒక్కో గాడి సన్నబడుతుంది, పొట్టు ఆ గోడకీ ఈ గోడకీ తగిలి నిలబడిపోతుంది. ఒకటి, మహా అయితే రెండు పెట్టించండి.

ఇంకో సంగతి, మీ అసలు జబ్బు స్పీడు అనిపిస్తా ఉంది. 2800లో తిప్పుతా భయపడి మెల్లగా నెట్టి నిమిషానికి 100 మి.మీ. పోతే ఒక్కో చుట్టుకి 0.036 మి.మీ., బిట్ కొసలో కోసే రెండు అంచులకి పంచితే 0.018. అది పొట్టు కాదు, బూడిద, సున్నం మాదిరి గట్టిపడుతుంది. అదే 600లో తిప్పి నిమిషానికి 240 మి.మీ. నెడితే ఒక్కో అంచుకి 0.2 మి.మీ., పదింతలు మందం. మందం పొరే గాడిలో నిలబడి పైకి పాకుతుంది.

డ్రాయింగ్‌కి: మెలిక కోణం ఇనుము బిట్లలో 30 డిగ్రీల దగ్గర ఉంటుంది, లోతు రంధ్రాలకి 35 నుంచి 40 చేయించండి. గాడి వెడల్పుగా, అడుగు గుండ్రంగా ఉండాల, మూలలు ఉంటే పొట్టు అక్కడే కూర్చుంటుంది. సాన గీతలు గాడి లోపల అలాగే వదిలెయ్యనియ్యొద్దు, సన్నటి ఎమరీతో పొడవునా నున్నగా పాలిష్ చేయించండి, దీనికి డబ్బులు ఎక్కువడిగినా ఇవ్వండి. బిట్ తల 10 మి.మీ. ఉంటే ఒళ్ళు 0.2 మి.మీ. తక్కువుంటే చాలు, ఇంకా సన్నం చేస్తే పొడి ఆ సందులోకి దూరి పట్టేస్తుంది.

పాత ఆగర్లలో, అంటే చేత్తో తిప్పి చెక్క తొలిచే మెలిక బిట్లలో కూడా ఇదే కథ. 1855లో రసెల్ జెన్నింగ్స్ పేటెంటు తీసుకున్న రెండు మెలికల రకం నున్నగా కోస్తుంది, ఇర్విన్ పేరుతో వచ్చిన నడుమ కడ్డీ రకంలో గాడి విశాలం, పొట్టు బాగా ఎక్కుతుంది.

లైటుస్టాండ్_తిరుపతి:
థాంక్స్ అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలా. మరి కొస దగ్గర మర, అంచున కొమ్ములు పెట్టించాలా? షాపుల్లో చెక్క బిట్లకి అవి ఉంటాయి కదా.

ఏర్పేడు_లేతు:
మీకు రెండూ వద్దండి. కొమ్ములు అడ్డంగా ఉన్న నారని ముందే కోయడానికి. మీరు తొలిచేది నార వెంబడి, కొమ్ముకి అక్కడ పని లేదు, ఊరికే రాసుకుని వేడెక్కుతుంది. మర కూడా నార కొసలో సరిగ్గా పట్టదు, పట్టిన చోట మాత్రం మీ చేతి మాట వినకుండా లాక్కుపోతుంది. పాత ఆగర్ ఉంటే ఆ మర పళ్ళు ఆకురాయితో గీకేసి వాడుకోండి.

లేతు ఉందంటున్నారు కదా, అయితే చెక్కని తిప్పండి, బిట్‌ని తిరగకుండా టెయిల్‌స్టాక్ (లేతులో ముందుకీ వెనక్కీ జరిగే అవతలి కొస) వైపు నుంచి నెట్టండి. చెక్క తిరిగితే రంధ్రం పక్కకి పోవడం బాగా తగ్గుతుంది, మధ్యలో ఆ 2, 3 మి.మీ. తేడా గొడవ ఉండదు. మా వైపు మాధవమాల బొమ్మల పనివాళ్ళ దగ్గర తిరిగి లేతు నేర్చుకున్నా, సన్నటి లోతు రంధ్రాలకి నేను వాడేది సగం గొట్టం మాదిరి ఉండే బిట్, మెలికే ఉండదు. ఒళ్ళు రంధ్రం గోడకి ఆనుకుని పోతుంది కాబట్టి తిన్నగా పోతుంది. అయితే అది పొట్టుని పైకి తేదు, అంగుళానికి ఒకసారి లాగాల్సిందే. నేను పక్కనే సన్నటి రాగి గొట్టం పెట్టి కంప్రెసర్ గాలి లోపలికి కొడతా, పొట్టు వెనక్కి ఎగిరొస్తుంది. కళ్ళద్దాలు పెట్టుకోకుండా మాత్రం చెయ్యొద్దు, వేప పొడి కంట్లో పడితే ఆ రోజు పని అయిపోయినట్టే.

లైటుస్టాండ్_తిరుపతి:
ఈ రోజు పొద్దున లేతులో చెక్కని తిప్పి, అదే పాత బిట్‌కి కొస సాన పట్టించి, 600 దగ్గర పెట్టి ధైర్యంగా నెట్టా. పొగ లేదు. పొట్టు గోధుమ రవ్వంత గింజలుగా వచ్చింది, ముందు ముగ్గు పిండి మాదిరి వచ్చేది. 180 దాకా ఒక్కసారి కూడా పట్టుకోలా, ఆ తర్వాత మళ్ళీ బిగుసుకుంది, అప్పుడు రెండు వేళ్ళకోసారి లాగుతా 300 పూర్తి చేశా. అవతలి వైపు బయటికి వచ్చిన చోటు కొలిస్తే సెంటర్‌కి 1 మి.మీ. కూడా తేడా లేదు. ఒక గాడి, 38 డిగ్రీలు, లోపల పాలిష్, డ్రాయింగ్ గీసి ఆటోనగర్ అన్నకి ఇచ్చొచ్చా, సోమవారం రమ్మన్నాడు. వచ్చినాక అదే చెక్కలో తొలిచి ఎంత లోతులో బిగుస్తుందో ఇక్కడే పెడతా.