సెల్లార్ కిటికీ చుట్టూ గోడ: రాయా, కాంక్రీటా?

ఇంటి యజమాని, విజయనగరం:
సెల్లార్లో ఒక గది ఉంది. పిల్లలు చదువుకుని రాత్రి అక్కడే పడుకుంటున్నారు. మంటలొస్తే మెట్లు తప్ప వేరే దారి లేదు, అదే టెన్షన్. అందుకే బయటికి రాగలిగే కిటికీ పెట్టి, దాని ముందు 5 అడుగుల లోతు గొయ్యి తీయిద్దామనుకుంటున్నాం. ఇంటికీ ప్రహరీకీ మధ్య 6 అడుగుల ఖాళీ ఉంది. మట్టిని ఆపే గోడ రాతితో కట్టాలా, కాంక్రీటుతోనా?

మేస్త్రీ, చీపురుపల్లి:
రాతి కట్టుబడి చాలు బాబూ. చెరువు గట్లకు, రోడ్ల పక్కన ఎన్ని రాతి గోడలు నిలబడలేదు? 5 అడుగులకు ఇనుము ఖర్చు దండగ.

సైట్ ఇంజినీరు, శ్రీకాకుళం:
మేస్త్రీగారూ, రాతి గోడ నిలబడేది దాని బరువుతోనే. 5 అడుగుల ఎత్తుకు అడుగున కనీసం రెండున్నర అడుగుల మందం కావాలి. మనిషి బయటికి రావడానికి గొయ్యి కిటికీ నుంచి బయటి వైపుకు 3 అడుగుల వెడల్పైనా ఉండాలి. అమెరికా ఇళ్ల కోడ్‌లో ఉన్న కొలత కూడా అదే, 36 అంగుళాలు. ఈ రెండూ కలిపితే రాతి గోడ ప్రహరీ పునాదిని తాకుతుంది. ఆ పునాది కంటే లోతుగా దాని పక్కనే తవ్వితే ప్రహరీయే ఒరుగుతుంది. కాంక్రీటైతే మూడు గోడలూ అడుగున స్లాబూ ఒకే పెట్టెలా పోయించవచ్చు, మూలలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

దేంతో కట్టినా అసలు శత్రువు నీరు. పొడి మట్టి ఆ ఎత్తులో మీటరు పొడవుకు దాదాపు 700 కిలోల బలంతో తోస్తుంది. గోడ వెనక నీరు పైదాకా నిలిస్తే ఆ నీరే 1,100 కిలోలు దాటుతుంది, నానిన మట్టి తోపు దానికి అదనం. అందుకే వెనక అడుగు మందాన కంకర పోయాలి. ఎర్ర గ్రావెల్ కాదు, అది నీటిని వదలదు. గోడ అడుగున వీప్ హోల్స్, అంటే వెనక నీరు బయటికి కారే చిన్న రంధ్రాలు, వదలాలి.

మేస్త్రీ, చీపురుపల్లి:
జాగా లెక్క నిజమే, 6 అడుగుల్లో రాయి పట్టదు. కానీ వీప్ హోల్స్ నీరు గోతిలోకే కదా వస్తుంది? అక్కణ్ణుంచి ఎక్కడికి పోతుంది?

ఇంటి యజమాని, విజయనగరం:
చిన్న మోటారు పెట్టిద్దామని అనుకున్నామండీ.

పలాస నుంచి:
మోటారును నమ్ముకోవద్దన్నా. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వైపు ఊళ్లకు ఊళ్లే రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. వాన దంచేదీ కరెంటు పోయేదీ ఒకేసారి. స్థలం వాలుగా ఉంటే గొయ్యి అడుగు నుంచి పైపు వేసి పల్లానికి వదలండి. వాలు లేకపోతే, భూగర్భ నీరు పైకొచ్చే చోటైతే, ఆ గదిలో పడకే మానెయ్యండి.

మేస్త్రీ, చీపురుపల్లి:
ఈ మాట నేనూ ఒప్పుకుంటాను. గోతి అంచు కూడా చుట్టుపక్కల నేల కంటే అర అడుగు లేపండి, నేల మీద పారే వాన నీరు లోపలికి దిగదు.

సైట్ ఇంజినీరు, శ్రీకాకుళం:
దొంగల భయంతో పైన గ్రిల్ పెట్టి తాళం మాత్రం వేయకండి సార్. పొగలో తాళం చెవి వెతుక్కోలేరు. లోపలి నుంచి పిల్లవాడు ఒంటి చేత్తో తోసినా తెరుచుకోవాలి. గోడకు ఇనుప మెట్లు కాంక్రీటు పోసేటప్పుడే పెట్టించండి. స్టీలు లెక్క సైటు చూడకుండా చెప్పను. ముందు పైపు పల్లానికి పోతుందో లేదో లెవెల్ చూపించుకోండి, ఆ తర్వాతే గొయ్యి తవ్వించండి.